బూట్ మెనూలో స్నాప్‌షాట్: పట్టికలోని పేరు, డిస్కులోని రూపము

అప్‌డేట్ ఎక్కించిన మరునాడు కంప్యూటరు తెర నల్లగా నిలిచిపోయి, లోపలికి ప్రవేశమే దొరకని దుస్థితి లినక్స్ వాడువారిలో పెక్కుమందికి ఏనాడో ఒకనాడు అనుభవమునకు వచ్చును. అట్టి సమయమున ఆదుకొనుటకై, వ్యవస్థ సక్రమముగా నడచుచున్న నాటి రూపమును స్నాప్‌షాట్ అను పేర నిలిపియుంచి, యంత్రము ఆన్ చేసినంతనే కనబడు బూట్ మెనూలో దానికొక వరుస కల్పించు ఏర్పాటు గడచిన పదిపండ్రెండేండ్లలో వ్యాప్తికి వచ్చినది. ఏర్పాటు గొప్పదే. అయితే ఆపద వచ్చిన ఘడియలోనే ఆ వరుస కానరాకపోవుట, కానవచ్చినను నొక్కినంతనే ఎర్రర్ చూపి ఆగిపోవుట, లోపలికి పోయిన పిదప వైఫై గాని మౌస్ గాని పనిచేయకుండుట సంభవించినచో, అనేకులు విసిగి, డిస్కునంతయు ఫార్మాట్ చేసి వ్యవస్థను మరల మొదటినుండి ఎక్కించుచున్నారు. ఈ పని నూటికి తొంబదిపాళ్ళు అనవసరమని నా దృఢవిశ్వాసము. ఏలయనగా స్నాప్‌షాట్ సాధారణముగా చెక్కుచెదరక డిస్కులోనే యుండును. చెడినది దానికిని మెనూకును నడుమ నున్న లంకె మాత్రమే.

స్నాప్‌షాట్ అనగా వ్యవస్థకు పూర్తి నకలు తీసి దాచుట అని తలచువారు కలరు. అది సరికాదు. ఒరాకిల్ సంస్థలో పనిచేయుచుండగా క్రిస్ మేసన్ 2007లో ఆరంభించి, 2009లో వెలువడిన 2.6.29 కెర్నల్‌తో లినక్స్‌లో భాగమైన బీటీఆర్ఎఫ్ఎస్ అను ఫైల్‌సిస్టమ్, ఒక ఫైలును మార్చవలసివచ్చినప్పుడు ఉన్న సమాచారమును చెరిపి దానిపై వ్రాయక, మారిన భాగమును డిస్కులో వేరొకచోట వ్రాసి, ఫైలు చిరునామాను మాత్రము అటు మరల్చును. పాతభాగము ఉన్నచోటనే ఉండును. కావున ఈ క్షణమున ఉన్న చిరునామాలన్నింటిని యథాతథముగా నిలిపియుంచుమని చెప్పుటయే స్నాప్‌షాట్ తీయుట. వ్యవస్థ ఎన్ని జీబీలున్నను ఆ పని రెప్పపాటులో ముగియుటకును, తీసినప్పుడు దాదాపు జాగాయే పట్టకుండుటకును కారణమిదియే. ఈ ఫైల్‌సిస్టమ్‌లో సబ్‌వాల్యూమ్‌లు అను విభాగములు కలవు. వ్యవస్థ ఒక సబ్‌వాల్యూమ్‌లోను, మనము దాచుకొను ఫోటోలు, పత్రములు మున్నగునవి సాధారణముగా మరొక సబ్‌వాల్యూమ్‌లోను ఉండును. తీసిన ప్రతి స్నాప్‌షాట్ సైతము ఒక సబ్‌వాల్యూమే.

ఇక బూట్ మెనూ సంగతి. దానిని చూపు గ్రబ్ అను చిన్న ప్రోగ్రామ్ యంత్రము లేచిన ప్రతిసారి డిస్కునంతయు గాలించి స్నాప్‌షాట్లను వెదకి తెచ్చుచున్నదని పెక్కురు భావింతురు. వాస్తవమునకు అది వ్యవస్థ నడచుచున్నప్పుడు వ్రాయబడిన గ్రబ్.సీఎఫ్‌జీ అను పట్టికను చదివి, అందున్నది ఉన్నట్లు చూపుచున్నదే గాని వేరు వెదకుట లేదు. పహాణీలో పేరెక్కినంత మాత్రమున పొలము చేతిలో ఉన్నట్లును, పేరెక్కనంత మాత్రమున పొలము లేనట్లును కాదని మన రైతులకు బాగుగా తెలియును. ఇచ్చటను అంతే. స్నాప్‌షాట్ డిస్కులో నున్నదా, అది పట్టికకు ఎక్కినదా, ఎక్కిన ఆ పట్టికనే గ్రబ్ చదువుచున్నదా, చదివి పిలిచిన కెర్నల్ ఆ స్నాప్‌షాట్‌కు తగినదేనా అను ప్రశ్నలను ఈ క్రమముననే వేసికొనినవారికి ఈ విషయమున తెలియని చిక్కు ఉండదు. క్రమము తప్పించి, చేతికందిన కమాండ్లన్నింటిని ఒకదానివెంట నొకటి నడపినవారికి ఉన్న చిక్కు రెట్టింపగును.

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. సూసే సంస్థవారు రూపొందించిన స్నాపర్ అను సాధనమును వాడుచున్నచో 'స్నాపర్ లిస్ట్' అను కమాండ్ ఉన్నవాటినన్నింటిని సంఖ్యలతోను తేదీలతోను చూపును. టైమ్‌షిఫ్ట్ అను మరొక సాధనమును వాడుచున్నచో దాని కిటికీలోనే జాబితా కనబడును. కాని ఇచ్చట టైమ్‌షిఫ్ట్ వాడువారు ఒక సంగతి గమనింపవలెను. ఆ సాధనము రెండు విధములుగా పనిచేయును. బీటీఆర్ఎఫ్ఎస్ పద్ధతిలో తీసినవి నిజమైన సబ్‌వాల్యూమ్‌లు. ఆర్‌సింక్ పద్ధతిలో తీసినవి ఫైళ్ళను నకలుచేసి ఒక డైరెక్టరీలో పేర్చినవి మాత్రమే. లినక్స్ మింట్‌ను మామూలుగా ఎక్కించినచో దాని ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్-4 అగుటచే, అందు టైమ్‌షిఫ్ట్ ఆర్‌సింక్ పద్ధతిననే పనిచేయును. అట్టి స్నాప్‌షాట్లు ఎంత ప్రయత్నించినను బూట్ మెనూకు ఎక్కవు. అది దోషము కాదు, ఆ పద్ధతి స్వభావము. వానిని తిరిగి తెచ్చుకొనుటకు పెన్‌డ్రైవ్‌నుండి లినక్స్‌ను లేపి టైమ్‌షిఫ్ట్ తెరచినచో చాలును.

స్నాప్‌షాట్ ఉండియు మెనూలో లేనిచో, పట్టిక వ్రాయువారు తమ పని చేయలేదని అర్థము. బీటీఆర్ఎఫ్ఎస్‌ను వ్యవస్థకు ప్రధాన ఫైల్‌సిస్టమ్‌గా 2014లో 13.2 సంచికతో స్వీకరించిన ఓపెన్‌సూసేలో ఈ లేఖకవృత్తి అంతయు ముందే కుదిర్చి యుండుటచే, అప్‌డేట్‌కు ముందొకటి వెనుకొకటి చొప్పున స్నాప్‌షాట్లు తీయబడుటయు, అవి మెనూకు ఎక్కుటయు వాడుకరి ప్రమేయము లేకయే జరిగిపోవును. ఆర్చ్ లినక్స్ మొదలగువానిలో గ్రబ్-బీటీఆర్ఎఫ్ఎస్ అను ప్యాకేజీని మనమే ఎక్కించుకొనవలెను. అది రెండు భాగములుగా ఉండును: గ్రబ్ పట్టిక తయారగునప్పుడు స్నాప్‌షాట్ల ఉపమెనూను వ్రాయు స్క్రిప్టు ఒకటి, కొత్త స్నాప్‌షాట్ పుట్టినప్పుడెల్ల కనిపెట్టి ఆ స్క్రిప్టును నడపు సర్వీసు వేరొకటి. స్క్రిప్టుకు ఎగ్జిక్యూట్ అనుమతి పోయినచో గ్రబ్ దానిని ఎట్టి హెచ్చరికయు లేక దాటవేయును. సర్వీసును ఎనేబుల్ చేయుట మరచినను, దానికి కావలసిన ఐనోటిఫై-టూల్స్ లేకున్నను, మెనూ ఎన్నాళ్ళయినను పాత వరుసలతోనే మిగిలిపోవును. అంతేకాక ఆ సర్వీసు స్వతహాగా స్నాపర్ స్నాప్‌షాట్లుండు డైరెక్టరీనే కావలి కాయును. టైమ్‌షిఫ్ట్ వాడువారు దానికి టైమ్‌షిఫ్ట్-ఆటో అను ఆప్షన్‌ను చేర్చనిచో అది ఎవరును రాని వాకిటికడ కూర్చుండును. మెనూలో స్నాప్‌షాట్ల సంఖ్యకు స్వతహాగా 50 అను పరిమితి కలదని కూడ ఎఱిగియుండుట మేలు.

పట్టిక వ్రాసినను మెనూ మారకున్నదా? అప్పుడు మూడవ ప్రశ్న వేయవలెను. ఈ వ్యవహారమంతటిలో మిక్కిలి మోసపుచ్చునది ఇదియే కావున, దీనిని నెమ్మదిగా చూచెదము గాక. ఆర్చ్, ఉబుంటులలో పట్టిక బూట్ డైరెక్టరీలోని గ్రబ్ అను చోటను, ఓపెన్‌సూసే, ఫెడోరాలలో గ్రబ్2 అను చోటను ఉండును. ఒకదానికి వ్రాసిన సూచనను మరొకదానిలో గ్రుడ్డిగా అనుసరించినచో, చక్కని పట్టిక ఎవరును చదువని మూల తయారగును. ఒకే యంత్రములో రెండు లినక్స్‌లున్నచో, తెరపై కనబడు మెనూ రెండవదానిది కావచ్చును. మనము మొదటిదానిలో కూర్చుండి ఎన్నిసార్లు పట్టిక తిరుగవ్రాసినను ఫలముండదు. అన్నింటికంటె సూక్ష్మమైనది మరొకటి కలదు. గ్రబ్ తన పట్టిక ఎచ్చట నున్నదో తెలుపు దారిని, తన్ను ఎక్కించిననాడే వ్రాసికొని యుంచుకొనును. టైమ్‌షిఫ్ట్ బీటీఆర్ఎఫ్ఎస్ పద్ధతిలో తీయు స్నాప్‌షాట్లు వ్రాయుటకు వీలున్నవి. ఒకడు ఆపదలో అట్టి స్నాప్‌షాట్‌నుండి యంత్రమును లేపి, సంతోషించి, ఆ ఉత్సాహమున గ్రబ్‌ను కూడ మరల ఎక్కించెననుకొనుడు. ఆ దినమునుండి గ్రబ్ ప్రధాన వ్యవస్థలోని పట్టికను విడిచి, ఆ స్నాప్‌షాట్‌లోని పట్టికనే చదువుచుండును. అతడు పిమ్మట ప్రధాన వ్యవస్థలో చేసిన మార్పేదియు మెనూలో కనబడదు. కొన్ని మాసములకు ఆ స్నాప్‌షాట్‌ను జాగా కొఱకు తొలగించిననాడు యంత్రము మెనూయే లేక గ్రబ్ ప్రాంప్ట్ వద్ద నిలిచిపోవును. కావున ఏ మార్పు చేయుటకైనను ముందు తానిప్పుడు ఏ రూపములో కూర్చుండి యున్నాడో తెలిసికొనుట విధి. ప్రాక్ డైరెక్టరీలోని సీఎమ్‌డీలైన్ అను ఫైలును తెరచినచో, కెర్నల్‌కు అందిన ఆజ్ఞ అంతయు ఒక పంక్తిలో కనబడును. అందు రూట్‌ఫ్లాగ్స్ అనుదాని ప్రక్కన స్నాప్‌షాట్ పేరు ఉన్నచో, గ్రబ్ జోలికి పోక, ముందు ప్రధాన వ్యవస్థను పునరుద్ధరించుకొనవలెను.

ఇక వరుస కనబడియు లేవని సందర్భము. మెనూలో ఆ వరుసపై నిలిచి, ఎంటర్‌కు బదులు ఇంగ్లీషు 'ఈ' అక్షరమును నొక్కినచో, ఆ వరుస వెనుకనున్న ఆజ్ఞలన్నియు తెరపై విచ్చుకొనును. భయపడనక్కరలేదు, ఇచ్చట చేసిన మార్పు ఆ ఒక్కసారికే గాని పట్టికలో నిలువదు. అందు లినక్స్ అను పదముతో మొదలగు పంక్తిలో కెర్నల్ ఫైలు ఉన్న దారి, రూట్‌ఫ్లాగ్స్ ప్రక్కన స్నాప్‌షాట్ సంఖ్య కనిపించును. ఆ సంఖ్య 214 అనుకొందము. స్నాపర్ తన నియమము ననుసరించి పాతవానిని ఏరివేయునప్పుడు 214 పోయియుండి, సర్వీసు నిద్రించుటచే పట్టికలో మాత్రము మిగిలియుండినచో, ఫైలు దొరకలేదనియు, ముందుగా కెర్నల్‌ను లోడ్ చేయవలెననియు గ్రబ్ తెలుపును. ఈ రెండు వాక్యములు చూచి డిస్కు పాడైనదని బెంగపడినవారు ఎందరో! అది గతించిన స్నాప్‌షాట్‌కు మిగిలిన పేరు. వెనుకకు మరలి వేరొక తేదీని ఎంచుకొనినచో సరిపోవును. స్పార్స్ ఫైలు అనుమతింపబడదని వచ్చు సందేశము అంతకంటె నిరపాయము. గ్రబ్ బీటీఆర్ఎఫ్ఎస్‌పై వ్రాయజాలదు గనుక, క్రిందటిసారి ఎంచుకొనిన వరుసను గుర్తుంచుకొనబోయి చేతకాక అట్లు పలుకును.

నాలుగవ ప్రశ్నయైన కెర్నల్ పొత్తు అంత తేలికగా విడునది కాదు. లినక్స్ కెర్నల్ తనకు కావలసిన డ్రైవర్లలో పెక్కింటిని మాడ్యూళ్ళ రూపమున వేరుగా ఉంచుకొనును; ఆ మాడ్యూళ్ళు తన సంచికకు అచ్చముగా సరిపోయినవి కానిచో దరిచేరనీయదు. కెర్నల్ బూట్ డైరెక్టరీలోను, మాడ్యూళ్ళు లిబ్ డైరెక్టరీలోను ఉండును. బూట్ డైరెక్టరీ వేరొక పార్టిషన్‌లో నున్నచో, స్నాప్‌షాట్ తీసినప్పుడు మాడ్యూళ్ళు నిలిచిపోవునే గాని కెర్నల్ దానివెంట రాదు. నెల గడచినది, అప్‌డేట్‌లో 6.8 కెర్నల్ పోయి 6.9 వచ్చినదనుకొనుడు, అప్పుడు పాత స్నాప్‌షాట్‌ను లేపినచో, 6.9 కెర్నల్ లేచి, స్నాప్‌షాట్‌లో 6.8 మాడ్యూళ్ళు మాత్రమే యుండుట చూచి, డిస్కును ఎట్లో తెరచినను, వైఫైని గుర్తింపక, ఈఎఫ్ఐ పార్టిషన్‌కు కావలసిన వీఫ్యాట్ మాడ్యూల్ దొరకక, చివరకు ఎమర్జెన్సీ మోడ్‌లో నిలిచిపోవుట సంభవించును. 2020లో వెలువడిన 33వ సంచికనుండి డెస్క్‌టాప్‌లకు బీటీఆర్ఎఫ్ఎస్‌ను స్వీకరించిన ఫెడోరా సైతము బూట్ డైరెక్టరీని ఎక్స్‌ట్-4 పార్టిషన్‌లోనే ఉంచుచున్నందున ఈ చిక్కుకు అతీతము కాదు. అయితే అది పాత కెర్నళ్ళను కూడ కొన్నింటిని నిలుపుకొనును గనుక, 'ఈ' నొక్కి కెర్నల్ పేరును స్నాప్‌షాట్‌కు తగినదానిగా మార్చుకొను అవకాశము మిగులును. పాతదానిని నిలుపని ఆర్చ్‌లో ఆ దారియు లేదు. శాశ్వత పరిష్కారము ఒక్కటియే: బూట్ డైరెక్టరీని బీటీఆర్ఎఫ్ఎస్‌లోనే, వ్యవస్థతో కలిపి ఉంచుట. ఓపెన్‌సూసేవారు 13.2 సంచికలో చేసినది ఇదియే, వారి ఆ నిర్ణయమే సరియైనదని నా అభిప్రాయము.

లేచినది గాని డెస్క్‌టాప్ రాక లాగిన్ వద్దనే తిరుగుచున్నచో, స్నాప్‌షాట్ రీడ్-ఓన్లీ అగుటయే హేతువని ముందుగా అనుమానింపవలెను. వార్ డైరెక్టరీ ప్రత్యేక సబ్‌వాల్యూమ్‌గా లేనిచోట డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు వ్రాసికొనుటకు తావు దొరకదు. గ్రబ్-బీటీఆర్ఎఫ్ఎస్‌తో వచ్చు ఓవర్‌లే హుక్‌ను చేర్చినచో ఆ వ్రాతలు ర్యామ్‌లోనికి పోయి, యంత్రము ఆపినంతనే మాసిపోవును. పరీక్షించి చూచుటకు అంత చాలును. పునరుద్ధరణ పిదప ఎఫ్ఎస్‌ట్యాబ్ అను ఫైలును కూడ ఒకసారి చూడవలెను. అందు సబ్‌వాల్యూమ్ పేరు, దాని సంఖ్య రెండును వ్రాసియుండి, పునరుద్ధరణచే పేరు అదేయుండి సంఖ్య మారినచో, ఆ రెండును పొసగవని కెర్నల్ మౌంట్ చేయ నిరాకరించును. సంఖ్యను తొలగించి పేరు మాత్రము ఉంచినచో ఆ బాధ తీరును.

బీటీఆర్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లన్నియు ఉన్నది వ్యవస్థ యున్న డిస్కులోనే గనుక, డిస్కు పోయిననాడు అవియు పోవును. పిల్లల ఫోటోలు, ఇంటి పత్రములు వేరొక డిస్కుకు చేర్చుకొనుట తప్పనిసరి.

పాఠకులలో ఈ ఏర్పాటును వాడుచున్నవారికి నా మనవి ఒక్కటి. ఆపద వచ్చుదాక ఆగక, పనులు లేని ఒక సెలవునాడు బూట్ మెనూలో నెల క్రిందటి స్నాప్‌షాట్‌ను ఎంచుకొని, యంత్రము లేచుచున్నదా, లాగిన్ దాటి డెస్క్‌టాప్ వచ్చుచున్నదా, వైఫై అందుచున్నదా అని చూచి, పిమ్మట రీస్టార్ట్ చేసి ప్రధాన వ్యవస్థకు మరలిరండు. ఈ పరీక్షకు పావుగంట పట్టదు.