తొలకరి పడగానే జింకలు చేలోకి ఎందుకొస్తాయి?

ఎండాకాలంలో జింకలు నీళ్లున్న చోటును అంటిపెట్టుకుని ఉంటాయి. తొలకరి పడ్డాక ఆ లెక్క మారిపోతుంది. ప్రతి కుంటలో, ప్రతి వంకలో నీళ్లు చేరతాయి గనుక మందలు చెదిరిపోయి పచ్చటి మేత వెతుక్కుంటూ పోతాయి. లేత మొలక సాళ్లు సాళ్లుగా దొరికేది ఎక్కడ? దున్ని విత్తిన మీ చేలోనే! మృగశిర అంటే జింక తల అని అర్థం. కార్తె పేరు కూడా బాగానే కలిసొచ్చింది.

నారాయణపేట జిల్లా మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల్లోనూ, కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు వైపూ రైతులకు ఈ బాధ కొత్త కాదు. అక్కడ తిరిగేది కృష్ణజింక. దుప్పిలాగా చెట్లచాటు కోరుకోదు. నాలుగు దిక్కులా చూపు ఆనే బయలే దానికి ఇష్టం. ప్రమాదం కనబడితే పరుగే దానికి రక్ష.

నల్లరేగడి నానిందంటే ఆ పరుగు సాగదు, గిట్టలు దిగబడతాయి. అందుకే ముసురు పట్టినప్పుడు మంద మెరక భూములకు, గట్టి నేలలకు చేరుతుంది. మీ చేను అలాంటి చోట ఉంటే కాపలా మరింత గట్టిగా ఉండాలి. బురదలో జింక కుక్కలకు సులువుగా దొరికిపోతుంది. వేటగాళ్లు కుక్కలను వదిలేదీ ఈ అదను చూసే.

జోరువానలో జింకలు పెద్దగా మేయవు. వాన వెలిసిన వెంటనే, పొద్దున, సాయంత్రం మేతకు దిగుతాయి. మొలిచిన నాటి నుంచి మూడు నాలుగు వారాలు ఆ వేళల్లో చేలో మనిషి ఉండాలి. ఒక్కరు తరిమితే పక్కచేలో పడతాయి గనుక ఇరుగుపొరుగు రైతులు వంతులు వేసుకోవడం మేలు. చేను చుట్టూ పాత చీరలు కట్టడం కొంత పనిచేస్తుంది. కుళ్లిన కోడిగుడ్ల నీళ్లు చల్లేవారు వాన పడ్డాక మళ్లీ చల్లాల్సిందే, లేకపోతే ఆ వాసన నిలవదు.

ఎంత విసిగిపోయినా చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. తడి నేల మీద ఆ తీగకు జింక, ఎద్దు, మనిషి అనే తేడా లేదు. తెల్లవారి నీళ్లు కట్టడానికి వచ్చే పక్క రైతే దానికి బలి కావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు వేయడం, మందు పెట్టడం కూడా వేట కిందికే వస్తాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. చేను కాపాడుకోవడానికే చేశామంటే చట్టం ఊరుకోదు.

సోలార్ కంచె సంగతి వేరు. అందులో కరెంటు ఆగి ఆగి, క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండకుండా వస్తుంది. జంతువు ఉలిక్కిపడుతుంది గాని చావదు. అయితే వానాకాలంలో కలుపు ఏపుగా పెరిగి తీగకు తగిలితే షాకు నీరుగారిపోతుంది. కంచె కింద గడ్డిని వారం వారం కోయించండి.

చేలోనో గడ్డిలోనో జింక పిల్ల ఒంటరిగా పడుకుని కనిపిస్తే ఇంటికి తేవద్దు. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు పోయి ఉంటుంది. మీరు దూరం జరిగితే అదే వస్తుంది.