కొలబద్ద ఏ కాలానిది?

1962 మార్చి 2 రాత్రి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, చాక్లెట్లకు పేరుపడ్డ హెర్షీ పట్టణంలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఫిలడెల్ఫియా వారియర్స్ 169, న్యూయార్క్ నిక్స్ 147. ఆ 169లో సరిగ్గా వంద పాయింట్లు ఒక్కడివే. అతని పేరు విల్ట్ చాంబర్లిన్, ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. చూడటానికి వచ్చినవాళ్ళు 4,124 మంది. ఆ మ్యాచ్ వీడియో ఏదీ మనకు దక్కలేదు. ‘100’ అని చేత్తో రాసిన కాగితం పట్టుకుని కూర్చున్న చాంబర్లిన్ ఫొటో, కొంత రేడియో వ్యాఖ్యానం మాత్రం మిగిలాయి.

ఆ సీజన్ మొత్తం మీద అతని సగటు మ్యాచ్‌కు 50.4 పాయింట్లు. ఆ తర్వాత ఆ దరిదాపులకు వచ్చిన మరో ఆటగాడు లేడు. మైకేల్ జోర్డాన్ అత్యుత్తమ సీజన్ సగటే 37.1. ఇంత చేసినా ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి పురస్కారం చాంబర్లిన్‌కు రాలేదు. 18.9 సగటున్న బాస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్‌కు వెళ్ళింది. అప్పట్లో ఆ ఓటు ఆటగాళ్ళదే. అంటే ఆ ఇద్దరితోనూ భుజాలు రాసుకుని ఆడినవాళ్ళు, అంకెల్లో సగం కూడా లేనివాడిని ఎంచుకున్నారు. రసెల్ ఆడిన 13 సీజన్లలో సెల్టిక్స్ 11 సార్లు విజేతలు కావడం ఆ ఎంపికకు ఒక సమర్థన. ఏ అంకెను నమ్మాలన్న తగాదా అభిమానుల మధ్య మొదలైంది కాదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. పాత సినిమా గొప్పదనాన్ని వంద రోజుల్లో చెబుతాం, కొత్త సినిమాది కోట్లలో చెబుతాం. కొద్ది ప్రింట్లతో ఊరూరా తిరిగి నెలల తరబడి ఆడిన చిత్రాన్నీ, ఒకే రోజు వేల తెరల మీద విడుదలై మూడు వారాల్లో వెళ్ళిపోయే చిత్రాన్నీ ఒకే బద్దతో కొలవలేం. అయినా మన హీరో దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మర్చిపోతాం. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డ తెలుగింట్లో తండ్రి జోర్డాన్ అంటే, కూతురు స్టెఫెన్ కర్రీ అంటే, అక్కడ జరుగుతున్నదీ ఇదే.

గణాంక శాస్త్రం ఇక్కడ మొదట అడిగే ప్రశ్న చాలా సాదాది: అవకాశాలు ఎన్ని? 1961-62 సీజన్‌లో చాంబర్లిన్ 80 మ్యాచ్‌లలో 3,159 సార్లు బంతిని బుట్టకేసి విసిరాడు. మ్యాచ్‌కు దాదాపు 40 సార్లు. అప్పుడు ఒక్కో జట్టు మ్యాచ్‌కు 107 సార్లకు పైగా విసిరేది. నేటి జట్లు విసిరేది 89 సార్లకు అటూ ఇటూ. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలో విసిరి తీరాలన్న నియమం 1954లో వచ్చాక ఆట పరుగందుకుంది, ఆ పరుగు అరవైల ఆరంభంలో ఉచ్చస్థితిలో ఉంది. పైగా అప్పటి విసుర్లలో బుట్టలో పడినవి నూటికి 43 లోపే, ఇప్పుడు 47 వరకు పడుతున్నాయి.

గురి తప్పిన ప్రతి బంతీ ఎవరో ఒకరు అందుకోవాల్సిందే. దాన్నే రీబౌండ్ అంటారు. చాంబర్లిన్ ఆ ఏడాది మ్యాచ్‌కు 25.7 రీబౌండ్లు అందుకున్నాడు. ఒక చిన్న లెక్క వేద్దాం. అప్పట్లో జట్టుకు మ్యాచ్‌కు గురి తప్పినవి సుమారు 62, ఇప్పుడు సుమారు 47. ఆ నిష్పత్తిలో సవరిస్తే 25.7 కాస్తా 19.5 అవుతుంది. ఇప్పటికీ అసాధారణమైన అంకే. మరో మెట్టు దిగుదాం. మ్యాచ్ నిడివి 48 నిమిషాలైతే చాంబర్లిన్ ఆ సీజన్‌లో ఆడిన సగటు 48.5 నిమిషాలు. తప్పు పడలేదు, అదనపు సమయాలు కలిసి అలా వచ్చింది. నేటి మేటి ఆటగాడు ఆడేది 36 నిమిషాలనుకుని మళ్ళీ సవరిస్తే 14.5 మిగులుతుంది. ఇప్పుడు రీబౌండ్లలో ముందున్నవాళ్ళు ఉండేది కూడా దాదాపు అక్కడే.

పౌరాణిక పురుషుడు రెండు గుణకారాల్లో మనిషైపోయాడు. నాకు ఈ రెండో సవరణ మీదే అనుమానం. మొదటిది న్యాయమైనది, బంతులు ఎక్కువ తప్పడం చాంబర్లిన్ ఘనత కాదు. కానీ దాదాపు ఒక్క నిమిషం కూడా కూర్చోకుండా సీజన్ సాంతం ఆడటం ఎవరి ఘనత? అది కాలం ఇచ్చిన అవకాశమా, ఆ శరీరంలోని శక్తా? ‘నిమిషానికి ఎంత’ అని లెక్క కట్టినవాడు ఈ ప్రశ్నకు తనకు తెలియకుండానే జవాబిచ్చేశాడు. సవరించిన అంకె ముడి అంకె కంటే శాస్త్రీయంగా కనిపిస్తుంది గానీ, దాని లోపల కూడా ఒక అభిప్రాయం కూర్చుని ఉంటుంది.

చాంబర్లిన్‌ను ఒప్పుకోనివాళ్ళ ప్రధాన వాదం అంకెల గురించి కాదు, ప్రత్యర్థుల గురించి. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు కదా, అదే వాళ్ళ మాట. దీనికి శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు జీవపరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్. ఆయన సమస్య బేస్‌బాల్‌ది: 1941లో టెడ్ విలియమ్స్ .406 బ్యాటింగ్ సగటు సాధించాక మళ్ళీ ఎవరూ సీజన్ మొత్తం మీద .400 ఎందుకు దాటలేదు? వీరులు కరువయ్యారని అందరూ అనుకుంటుంటే గూల్డ్ తలకిందుల జవాబు చెప్పాడు. ఆట మెరుగుపడింది కాబట్టే ఆ అంకె మాయమైంది. మనిషి సామర్థ్యానికి ఎక్కడో ఒక గోడ ఉంది. ఆట పసిగా ఉన్నప్పుడు సగటు ఆటగాడు ఆ గోడకు చాలా దూరంలో ఉంటాడు, మేటివాడు దగ్గరగా ఉంటాడు. శిక్షణ, పోటీ, ఎంపిక పెరిగేకొద్దీ అందరూ గోడ వైపు జరుగుతారు. మేటివాడికి జరగడానికి చోటు లేదు. కాబట్టి వాళ్ళ మధ్య ఎడం తగ్గిపోతుంది.

ఈ ఎడాన్ని కొలిచేదే ప్రామాణిక విచలనం. ఒక కాలపు ఆటగాళ్ళ అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో అది చెబుతుంది. ఒకడు తన కాలపు సగటు కంటే ఎన్ని ప్రామాణిక విచలనాల పైన ఉన్నాడో చూస్తే, పాయింట్లనూ గోల్స్‌నూ కూడా ఒకే త్రాసులో వేయవచ్చు. టెస్ట్ క్రికెట్‌లో బ్రాడ్‌మన్ 99.94ను చూసి మనం నోరు తెరిచేది ఇందుకే. ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు అంత కింద ఉన్నారు. అయితే గూల్డ్ మాట నిజమైతే ఈ త్రాసు కూడా పాతవాళ్ళ వైపే మొగ్గుతుంది. చెదురు ఎక్కువున్న కాలంలో అందరికంటే ఎత్తున కనిపించడం తేలిక.

1961-62లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఉన్నవి తొమ్మిది జట్లు, ఇప్పుడు ముప్పై. జట్లు తక్కువుంటే పోటీ చిక్కగా ఉంటుందని పాతకాలం వాళ్ళంటారు. కానీ ఆ చోట్లకు పోటీపడే అర్హత ఎందరికి ఉండేది? నల్లజాతి ఆటగాడు ఎర్ల్ లాయిడ్ ఈ లీగ్‌లో తొలిసారి కోర్టులో కాలుపెట్టింది 1950లో, అంటే హెర్షీ రాత్రికి పదకొండేళ్ళ ముందు మాత్రమే. ఇక సెర్బియా, గ్రీసు, కామెరూన్ కుర్రాళ్ళ ఊసే అప్పుడు లేదు.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం ముగ్గురు గణాంక శాస్త్రవేత్తలది: స్కాట్ బెర్రీ, షేన్ రీస్, పాట్రిక్ లార్కీ. 1999లో వెలువడిన పరిశోధనా పత్రంలో వాళ్ళు ఐస్ హాకీ, గోల్ఫ్, బేస్‌బాల్ ఆటగాళ్ళను కాలాల మీదుగా పోల్చారు. సూత్రం వంతెన లాంటిది. దూరపు తరాలు ఒకరితో ఒకరు ఆడకపోయినా, మధ్యలో ఇద్దరితోనూ ఆడినవాళ్ళుంటారు. బాస్కెట్‌బాల్‌లో ఆ గొలుసును వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1973 వరకు ఆడిన చాంబర్లిన్‌కు ఎదురుగా 1969లో కరీమ్ అబ్దుల్ జబ్బార్ దిగాడు. 1989 వరకు ఆడిన కరీమ్‌కు ఎదురుగా 1984లో జోర్డాన్ దిగాడు. 2003 వసంతంలో జోర్డాన్ వెళ్ళిపోయాక, ఆ శరత్తులో లెబ్రాన్ జేమ్స్ వచ్చాడు. ఆ ఇద్దరూ తారసపడలేదు గానీ 1996 నుంచి 2016 దాకా ఆడిన కోబీ బ్రయంట్ ఇద్దరినీ ఎదుర్కొన్నాడు.

చిక్కేమిటంటే, ఈ వంతెన ప్రతి కమానులోనూ ఒకవైపు ముసలివాడు, మరోవైపు కుర్రవాడు ఉంటారు. కరీమ్ లీగ్‌లోకి వచ్చేసరికి అతనికి 22, చాంబర్లిన్‌కు 33. జోర్డాన్ వచ్చేసరికి కరీమ్‌కు 37. కాబట్టి వయసుతో ఆట ఎలా ఎదిగి ఎలా వాలుతుందో ముందు గీత గీసి, ఆ వాలును తీసేసి పోల్చాలి. ఆ ముగ్గురు శాస్త్రవేత్తలూ చేసింది అదే. ఆ గీతలో చిన్న పొరపాటున్నా గొలుసు చివరికి వచ్చేసరికి అది పెద్దదవుతుంది.

ఫుట్‌బాల్‌కు వస్తే కాళ్ళ కింద నేలే కదులుతుంది. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఐదుగురు, ఇరువైపులా కలిపి రెండు వందలకు పైగా పాయింట్లు. ఫుట్‌బాల్‌లో జట్టుకు పదకొండుమంది, రెండో మూడో గోల్స్. సంఘటనలు తక్కువయ్యేకొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది, ఒక్కడి ప్రభావాన్ని విడదీయడం కష్టమవుతుంది. పైగా నియమాలు మారుతుంటాయి. దాడి చేసేవాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుండాలన్న ఆఫ్‌సైడ్ నిబంధనను 1925లో ఇద్దరికి తగ్గించారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో అవే 1,848 మ్యాచ్‌లకు గోల్స్ 4,700 నుంచి 6,373కు ఎగిరాయి. ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ 1927-28లో కొట్టిన 60 లీగ్ గోల్స్‌ను ఆ వరద నీటిలోనే చూడాలి.

పెలే విషయం మరీ చిత్రం. గిన్నిస్ పుస్తకం లెక్కలో 1,363 మ్యాచ్‌లకు 1,279 గోల్స్. అందులో శాంటోస్ క్లబ్ దేశదేశాలు తిరిగి ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లూ ఉన్నాయి. వాటిని కొట్టేయాలంటారు మెస్సీ అభిమానులు. కానీ ఆ ‘స్నేహం’లో కొన్నిసార్లు ఎదుట ఉన్నది ఐరోపా మేటి క్లబ్బులే; పెలేను ఐరోపా ప్రేక్షకులు చూసింది ఎక్కువగా ఆ పర్యటనల్లోనే. పురస్కారాల లెక్కా అంతే. మెస్సీకి ఎనిమిది బాలన్ డోర్లు, పెలేకు సున్నా. 1956లో మొదలైన ఆ బహుమతిని 1994 దాకా ఐరోపా దేశస్థులకే ఇచ్చారు మరి. 2016లో ‘ఫ్రాన్స్ ఫుట్‌బాల్’ పత్రికే పాత సంవత్సరాలను తిరగేసి, ఆ నియమం లేకుంటే పెలేకు ఏడు, మారడోనాకు రెండు వచ్చేవని తేల్చింది. 2000లో ఫిఫా ‘శతాబ్దపు ఆటగాడి’ని ఎన్నుకోబోతే ఇంటర్నెట్ ఓటింగ్‌లో మారడోనా, ఫిఫా పత్రిక పాఠకులూ నిపుణుల ఓట్లలో పెలే గెలిచారు. అప్పట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు 1986 ప్రపంచ కప్‌ను చూసినవాళ్ళు. 1958ని చూసినవాళ్ళ చేతిలో మౌస్ లేదు.

అసలు లెక్కే రాయని ఆట సంగతేమిటి? రసెల్ గొప్పదనమంతా ప్రత్యర్థి విసిరిన బంతిని గాలిలోనే అడ్డుకోవడంలో ఉండేది. అదీ బయటికి కొట్టేయకుండా తన వాళ్ళ చేతిలో పడేలా. ఎన్‌బీఏ ఆ బ్లాకులను అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. అతను మానేసింది 1969లో. ఆ గడి శాశ్వతంగా ఖాళీ.

ఖాళీ గడులు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్ వాడైన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టు దాడికి ఆయువుపట్టు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టినవాడు. అతన్ని సునీల్ ఛెత్రీతో పోల్చమంటే ఏం చేయాలి? ఛెత్రీ గోల్స్ తొంభై దాటాయి, చాలావాటికి వీడియో దొరుకుతుంది. బలరామ్ ఆడిన రోజుల్లో భారత జట్టుకు అంతర్జాతీయ మ్యాచ్‌లే అరుదు, అనారోగ్యం అతన్ని పాతికేళ్ళు దాటీ దాటకముందే మైదానం నుంచి తప్పించింది. గణాంకం ఇక్కడ చేతులెత్తేస్తే నేను దాన్ని తప్పుపట్టను. చూసినవాళ్ళ మాటలు, పత్రికల కత్తిరింపులే ఆధారం.

సవరణలన్నిటిలోనూ మరో లోపం ఉంది, దాని గురించి అభిమానులు అంతగా మాట్లాడుకోరు. ఆటగాడిని అతని కాలపు సగటుతో పోల్చాలంటే ఆ సగటుతో అతనికి సంబంధం ఉండకూడదు. మహా ఆటగాళ్ళ విషయంలో అది కుదరదు. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత వచ్చిన 1979-80లో జట్లు ఆ గీత అవతలి నుంచి మ్యాచ్‌కు మూడుసార్లు కూడా విసిరేవి కావు. 2015-16లో కర్రీ ఒక్కడే సీజన్‌లో అలా 402 బంతులు బుట్టలో వేశాడు. అప్పటికి జట్టు సగటు మ్యాచ్‌కు 24 విసుర్లు. 2023-24కు అది 35 అయింది. ఈ పెరుగుదల అంతా అతని వల్లే కాదు, జట్ల దగ్గర లెక్కలు వేసేవాళ్ళూ కారణమే. కానీ అతన్ని చూసి నేర్చుకున్న పిల్లలు ఆ సగటులో ఉన్నారు. ఇప్పటి లీగ్‌తో కర్రీని పోల్చేవాడు అతని శిష్యుల పక్కన అతన్ని నిలబెట్టి, పెద్ద తేడా లేదే అంటున్నాడు.

చాంబర్లిన్‌కు జరిగింది దీనికి తిరగబడ్డ కథ. బుట్ట ముందు గీసిన గడిలో దాడి చేసే ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. ఆ గడి వెడల్పు ఒకప్పుడు ఆరడుగులు. జార్జ్ మైకన్ అనే పొడగరిని అదుపు చేయలేక 1951లో దాన్ని పన్నెండు చేశారు. 1964లో చాంబర్లిన్‌ను దృష్టిలో పెట్టుకుని పదహారు చేశారు. ఆ గీతలు జరిపాక 1964-65లో అతని సగటు 34.7, మరుసటి సీజన్‌లో 33.5. రెండుసార్లూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ అతనిదే.