గడువులు తెచ్చిన మహాయుద్ధం

దేశాల మధ్య పోటీ ముదిరితే అది ఏనాటికైనా యుద్ధంగా మారక తప్పదన్న అభిప్రాయం చాలా పాతది, క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్, స్పార్టా రాజ్యాల మధ్య సాగిన పోరును గ్రంథస్థం చేసిన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్, ఏథెన్స్ బలపడడమూ, దాన్ని చూసి స్పార్టా బెదరడమూ ఆ యుద్ధానికి అసలు కారణమని తేల్చాడు. 1914లో మొదలై దాదాపు కోటి మంది సైనికులను బలిగొన్న మొదటి ప్రపంచ యుద్ధాన్ని కూడా ఇదే మూసలో పోసి, ప్రధానంగా బ్రిటన్, జర్మనీల స్పర్ధకు ఫలితంగా చూపడం పరిపాటి. అయితే యుద్ధానికి ముందటి నాలుగైదేళ్లను నిదానంగా పరిశీలిస్తే, అందరూ చెప్పుకునే ఆ స్పర్ధ అప్పటికే చల్లారుముఖం పట్టిందనీ, నిప్పు రాజుకున్నది మరోచోటనీ తెలుస్తుంది.

1871లో ఫ్రాన్స్‌ను ఓడించి ఒక్కటైన జర్మనీ, అల్సేస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని కలుపుకోవడమే కాక 500 కోట్ల ఫ్రాంకుల పరిహారాన్ని కూడా ముక్కుపిండి వసూలు చేసింది. ఫ్రాన్స్ ఈ అవమానాన్ని మరచిపోదని ఎరిగిన చాన్సలర్ బిస్మార్క్, దానికి మిత్రుడన్నవాడు దొరక్కుండా చేయాలని ఆస్ట్రియా-హంగరీతో 1879లోనూ, ఇటలీని కూడా చేర్చుకొని 1882లోనూ, రష్యాతో రహస్యంగా 1887లోనూ ఒప్పందాలు కుదుర్చుకున్నాడు. 1890లో కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, రెండో విల్హెల్మ్ ఆయనను సాగనంపిన తరువాత రష్యాతో ఒప్పందం పొడిగింపునకు నోచుకోలేదు. 1894 నాటికి రష్యా, ఫ్రాన్స్‌తో సైనిక కూటమి కట్టింది. జారు చక్రవర్తి నిరంకుశంగా ఏలే రాజ్యమూ, రాజరికాన్ని కూలదోసిన గణతంత్రమూ చేతులు కలపడానికి జర్మనీ పట్ల భయం తప్ప మరో పొత్తు లేదు. ఫ్రెంచి మదుపరుల సొమ్ము అప్పుగా రష్యాకు వెళ్లి, కాలక్రమంలో జర్మన్ సరిహద్దు వైపు సాగే రైలుమార్గాలయింది.

ఇక సముద్రం మీది పోటీ సంగతి. బ్రిటన్ నౌకాబలానికి దీటుగా నిలవాలన్న కైజర్ కోరికకు అడ్మిరల్ తిర్పిట్జ్ 1898, 1900 సంవత్సరాల నౌకాదళ చట్టాలతో రూపమిచ్చాడు. దానికి బదులుగా బ్రిటన్ 1906లో జలప్రవేశం చేయించిన డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌక, ఒకే పరిమాణం గల పది భారీ ఫిరంగులతో, టర్బైన్ ఇంజన్ల వేగంతో, అంతకుముందు కట్టిన నౌకలన్నింటినీ పాతసామానుగా మార్చివేసింది. ఒక దేశం తన రక్షణకని చేసుకున్న ఏర్పాటు పొరుగు దేశానికి దాడి సన్నాహంగా కనిపించి, అది కూడా ఆయుధాలు పెంచుకోగా, చివరికి ఇరువురి భద్రతా తగ్గిపోయే ఈ పరిస్థితిని రాజనీతి శాస్త్రజ్ఞులు భద్రతా సందిగ్ధం అంటారు. అయినా ఈ పోటీ యుద్ధం దాకా రాలేదు. బ్రిటన్‌ను అందుకోలేమని గ్రహించిన జర్మనీ 1912, 1913లలో నిధులను సైన్యం వైపు మళ్లించింది. 1914 జూన్ చివరి వారంలో బ్రిటిష్ యుద్ధనౌకలు కీల్ రేవుకు అతిథులుగా వచ్చాయి. ఆ నావికులు పడవ పందేల్లో, విందుల్లో పాల్గొంటున్న వేళ ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య కబురు అక్కడికి చేరిందన్న వాస్తవం, నౌకల పోటీకే యుద్ధాన్ని ముడిపెట్టే వివరణలకు సులభంగా ఇమడదు.

అసలు ప్రమాదం నేల మీద, రష్యా వైపు నుంచి పెరుగుతూ వచ్చింది. 1905లో జపాన్ చేతిలో ఓడిన రష్యా త్వరగానే కోలుకొని, 1917 నాటికి పూర్తి కావలసిన భారీ సైనిక విస్తరణను చేపట్టింది. రష్యా ఇలా బలపడుతూ పోతే తమకిక గెలుపు ఆశ ఉండదని లెక్కవేసిన జర్మన్ సైనిక ప్రధానాధికారి మోల్ట్‌కె, యుద్ధం తప్పనిదైతే ఎంత తొందరగా వస్తే అంత మేలని 1912 డిసెంబరులోనే కైజర్ ఎదుట వాదించాడు. బలవంతుడు బలహీనుడి మీద పడడం వల్లనే యుద్ధాలు వస్తాయని సాధారణంగా అనుకుంటాం గానీ, రేపు బలహీనపడతానని భయపడే బలవంతుడు అంతకన్నా ప్రమాదకారి.

ఇక్కడ సైన్య సమీకరణ అనే మాటను వివరించుకోవాలి. నాటి ఐరోపా దేశాలు శాంతికాలంలో సైన్యంలో కొంత భాగాన్నే నిలిపి ఉంచి, శిక్షణ ముగించుకొని ఇళ్లకు వెళ్లిన లక్షలాది రిజర్వు సైనికులను ఆపదలో పిలిపించి, దుస్తులు, తుపాకులు, గుర్రాలు సమకూర్చి రైళ్లలో సరిహద్దులకు చేర్చేవి. జర్మనీ విషయంలో దాదాపు 30 లక్షల మందిని సుమారు 11 వేల రైళ్లలో తరలించడానికి నిమిషాలతో సహా పట్టికలు సిద్ధంగా ఉండేవి. తక్కిన దేశాలు సైన్యాన్ని సమీకరించి సరిహద్దుల్లో నిలిపి, మాటామంతీ సాగించడానికి వీలుండేది. జర్మనీకి ఆ వెసులుబాటు లేదు. విశాలమైన రష్యా సైన్యం కూడదీసుకునే లోపల, ఆరు వారాల్లో, బెల్జియం మీదుగా చుట్టివచ్చి ఫ్రాన్స్‌ను పడగొట్టి ఆపైన తూర్పుకు తిరగాలన్నది మోల్ట్‌కెకు ముందు ఆ పదవిలో ఉన్న ష్లీఫెన్ ఆలోచన నుంచి వచ్చిన పథకం. అందుకు మొదటి రోజుల్లోనే బెల్జియంలోని లీజ్ కోటలు చేజిక్కాలి. రష్యాతో మాత్రమే పోరాడవలసి వస్తే అన్న ప్రత్యామ్నాయ పథకాన్ని ఏటా సవరించే పనిని మోల్ట్‌కె 1913లో ఆపివేయించాడు. దీంతో రష్యా ఎప్పుడు సైన్యాన్ని కూడదీసినా జర్మనీ ఫ్రాన్స్ మీద దాడి చేయక తప్పని విడ్డూరమైన స్థితి ఏర్పడింది.

ఇలాంటి పట్టికలు ఆలోచించుకునే వ్యవధిని మింగేస్తాయి. ఆ వ్యవధి ఉంటే వైరం ఎలా సద్దుమణుగుతుందో చెప్పడానికి 1898లో నైలు నది ఒడ్డున ఫషోదా వద్ద జరిగినది చక్కని ఉదాహరణ. అక్కడ కిచెనర్ నడిపిన బ్రిటిష్-ఈజిప్టు సేన, మార్షాన్ నాయకత్వంలోని చిన్న ఫ్రెంచి దండుతో తలపడవలసి వచ్చింది. రెండు దేశాల పత్రికలూ యుద్ధమంటూ కేకలు వేశాయి. కానీ మార్షాన్ నివేదిక పారిస్‌కు చేరడానికే వారాలు పట్టింది. ఈలోగా తమకు నౌకాబలం చాలదనీ, అసలు శత్రువు జర్మనీయేననీ ఫ్రాన్స్ తర్కించుకొని వెనక్కి తగ్గింది. ఆరేళ్లకే ఆ రెండు దేశాలూ స్నేహ ఒప్పందం చేసుకున్నాయి.

1914 జూలైలో అటువంటి వ్యవధి దొరకలేదు. జూన్ 28న సారయేవోలో యువరాజును చంపిన బృందానికి సెర్బియాలో అండ లభించిందని ఆగ్రహించిన ఆస్ట్రియా, ఏం చేసినా వెంట ఉంటామని జూలై 5, 6 తేదీల్లో జర్మనీ ఇచ్చిన హామీ చూసుకొని, జూలై 23న 48 గంటల గడువుతో సెర్బియాకు తుది హెచ్చరిక పంపి, 28న యుద్ధం ప్రకటించింది. ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్న విషయంలో 1909లో జర్మనీ ఒత్తిడికి తలవంచిన రష్యా, సెర్బియాను మళ్లీ వదిలేస్తే బాల్కన్‌లో తన మాటకు విలువుండదని భావించింది. 29వ తేదీ రాత్రి పీటర్స్‌బర్గ్ కేంద్ర తంతి కార్యాలయంలో సర్వ సైన్య సమీకరణ ఉత్తర్వు పంపడానికి అంతా సిద్ధమైన సమయంలో, కైజర్ పంపిన తంతి చదివిన జార్ రెండో నికోలస్ దాన్ని ఆపించి, ఆస్ట్రియాకు ఎదురుగా మాత్రమే కొంత సైన్యాన్ని కదపమన్నాడు. అలా పాక్షికంగా కదిపితే తరువాత సర్వ సమీకరణే అస్తవ్యస్తమవుతుందని సేనానులు మొత్తుకున్నారు. మరునాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి సజోనోవ్ జారును ఒప్పించి, సైనిక ప్రధానాధికారికి ఫోనులో ఆ సంగతి తెలిపి, మళ్లీ మనసు మార్చుకొనే కబురు రాకుండా ఇక టెలిఫోను పగలగొట్టుకోవచ్చని చెప్పాడు.

దానికి జవాబుగా జర్మనీ 31న 12 గంటల గడువు విధించి, ఆగస్టు 1 సాయంత్రం రష్యా మీద యుద్ధం ప్రకటించింది. అదే సాయంత్రం, ఫ్రాన్స్ జోలికి పోకుంటే బ్రిటన్ దాన్ని తటస్థంగా ఉంచవచ్చునన్న అర్థం వచ్చేలా లండన్ రాయబారి పంపిన తంతి బెర్లిన్‌కు చేరగా, కైజర్ సంబరపడి, సైన్యాన్నంతా తూర్పుకు తిప్పమని మోల్ట్‌కెను ఆదేశించాడు. ఏళ్ల తరబడి కూర్చిన ఏర్పాటును ఒక్క రాత్రిలో మార్చడం అసాధ్యమనీ, మారిస్తే తూర్పుకు చేరేది సైన్యం కాదు, ఆకలితో అలమటించే గుంపేననీ మోల్ట్‌కె బదులిచ్చాడు. లక్సెంబర్గ్‌లోకి అడుగుపెట్టవద్దని హుటాహుటిన ఆజ్ఞలు వెళ్లాయి గానీ, ఒక దండు అప్పటికే సరిహద్దు దాటి అక్కడి ఒక రైల్వే స్టేషన్‌ను ఆక్రమించింది. రాత్రి పొద్దుపోయాక, లండన్ తంతి అపార్థం వల్ల పంపినదని తేలడంతో, ఇక నీ ఇష్టమని కైజర్ మోల్ట్‌కెను వదిలేశాడు. 3న ఫ్రాన్స్‌పై యుద్ధ ప్రకటన వెలువడింది; 4న బెల్జియంలోకి సైన్యం ప్రవేశించగా, ఆ దేశ తటస్థతకు 1839లో పూచీపడిన బ్రిటన్ కూడా రంగంలోకి దిగింది.

బ్రిటన్‌తో పాటు భారతదేశమూ, ఎవరి అభిప్రాయమూ అడగకుండానే, యుద్ధంలో చేరినట్లయింది. నాటి తెలుగు జిల్లాలెన్నింటికో రాజధాని అయిన మద్రాసు మీద సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగులబెట్టింది. ఊరు విడిచి పారిపోయిన జనానికి సారయేవో ఎక్కడుందో తెలిసే అవకాశమే లేదు.

తప్పంతా రైళ్ల పట్టికలదేనని చెప్పి మనుషులను విడిచిపెట్టడం కూడా సరికాదు. జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్ 1961లో వెలువరించిన గ్రంథంలో తన దేశ పాలకుల యుద్ధలక్ష్యాలను పత్రాల ఆధారంగా బయటపెట్టి పెద్ద దుమారం రేపాడు. మరో చరిత్రకారుడు క్రిస్టొఫర్ క్లార్క్ 2012లో బాధ్యతను అన్ని రాజధానులకూ పంచాడు. పట్టికలను తయారుచేసినదీ, వాటికి ప్రత్యామ్నాయం అక్కరలేదని నిర్ణయించినదీ మనుషులే. జర్మన్ సైనిక రైల్వే విభాగంలో పనిచేసిన జనరల్ స్టాబ్స్‌కు మోల్ట్‌కె ఆ రాత్రి ఇచ్చిన జవాబు మింగుడుపడలేదు. ఆగస్టు 1న తమకు చెప్పి ఉంటే, మూడు సైన్యాలను పశ్చిమాన కాపలాగా ఉంచి, మిగిలిన నాలుగింటినీ రెండు వారాల్లో తూర్పుకు చేర్చగలిగేవారమని ఆయన 1925లో పటాలతో, లెక్కలతో సహా ఒక పుస్తకం ప్రచురించి నిరూపించబూనాడు.