ఫోర్డ్ వెళ్ళిపోయింది, మరి సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ కొనొచ్చా?

చల్లపల్లి, అవనిగడ్డ సైడ్ నుంచి ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫిగో తక్కువ రేటుకి వస్తోంది. తీసుకుంటే రేపు పార్టులు దొరుకుతాయా?" అని. మొదటి కారు, కష్టపడి దాచుకున్న డబ్బు. అందుకే ఈరోజు వివరంగా మాట్లాడుకుందాం.

ముందు కాస్త హిస్టరీ. ఫోర్డ్ మన దేశానికి మొదట వచ్చింది 1926లో. 1950ల్లో మూసేసి వెళ్ళిపోయింది. 1995లో మహీంద్రాతో కలిసి మళ్ళీ వచ్చింది. 1999లో ఐకాన్, 2010లో ఫిగో, 2013లో ఎకోస్పోర్ట్ తెచ్చింది. కార్లకి మంచి పేరే వచ్చింది గానీ కంపెనీకి లాభం రాలేదు. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టమొచ్చిందని చెప్పి, 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, పార్టులు మాత్రం ఇస్తామంది.

అయినా ఫోర్డ్ ఓనర్లు చాలామంది బండి వదలరు. స్టీరింగ్ పట్టు, హైవే మీద కదలకుండా వెళ్ళే తీరు వాళ్ళకి అలవాటైపోయింది. ఇంట్లో పెద్దాయన ఎవరైనా "అంబాసిడర్ ఆగిపోయి ఎన్నేళ్ళయింది? పార్టులు దొరకట్లేదా?" అంటారు. ఆ మాట సగమే కరెక్ట్. అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో. కానీ వాటిలో ఎక్కువ బండ్లలో కంప్యూటర్లు లేవు కదా. ఫోర్డ్‌లో ఉన్నాయి.

అందుకే పార్టుల్ని మూడు రకాలుగా చూడండి.

మొదటిది, అరిగిపోయేవి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, బేరింగులు. వీటిని ఎక్కువగా వేరే కంపెనీలే తయారుచేస్తాయి, కాబట్టి బయట మార్కెట్లో దొరుకుతాయి. మనకి ఉయ్యూరు మీదుగా వెళ్తే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

రెండోది, బాడీ పార్టులు. బంపర్, హెడ్‌లైట్, డోర్. ఇవి ఆ మోడల్‌కే సరిపోతాయి. కొత్తది దొరక్కపోతే స్క్రాప్‌లో వెతుక్కోవాలి, ఆగాలి.

మూడోది, అసలు తలనొప్పి. ఈసీయూ, సెన్సార్లు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్. వేరే బండిలోది తెచ్చి పెట్టినా చాలాసార్లు ప్రోగ్రామింగ్ చేయకపోతే పనిచేయదు. ఎయిర్‌బ్యాగ్ అయితే సెకండ్ హ్యాండ్‌ది అసలు వేయించొద్దు, అది ప్రాణాలతో పని.

ఇక్కడే మన ఏరియా వాళ్ళు జాగ్రత్తపడాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు నీళ్ళలో మునిగాయో చూశాం కదా. నీళ్ళు ముందు దెబ్బకొట్టేది వైరింగ్‌ని, మాడ్యూళ్ళనే. అంటే దొరకడం కష్టమైన పార్టులే పోతాయి. కాబట్టి ఏ బండి చూసినా సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి.

డీజిల్ ఫిగో, ఎకోస్పోర్ట్ అయితే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, ఇంజిన్ విప్పాల్సిందే. బిల్లు లేకపోతే ఆ ఖర్చు రేటులో తగ్గించమనండి.

ఇంకో మాట. చెన్నై ప్లాంట్ మళ్ళీ వాడతామని 2024లో ఫోర్డ్ చెప్పింది కానీ, అది ఎగుమతుల కోసం. "కంపెనీ వచ్చేస్తోంది, రేటు పెరుగుద్ది" అని బ్రోకర్ చెప్తే తొందరపడొద్దు.

మొత్తానికి నా సలహా ఇది. డాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైట్లు లేకుండా, సర్వీస్ బిల్లులతో, ఫోర్డ్ తెలిసిన మెకానిక్ దగ్గర స్కాన్ చేయించాక క్లీన్‌గా ఉంటే తీసుకోండి. రోజూ అదే బండి మీద బతుకుతెరువు అయితే మాత్రం వద్దు. ఒక్క సెన్సార్ కోసం బండి వారం ఆగితే ఆ వారం సంపాదన పోయినట్టే.

మీ ఫోర్డ్‌కి ఏ పార్ట్ కోసం ఎన్నాళ్ళు ఆగారో కామెంట్లో రాయండి, కొనేవాళ్ళకి పనికొస్తుంది. ఉంటాను మరి.