నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?

ఓట్ల రోజు మన ఇళ్ళల్లో ఎలా గడుస్తుందో మీకు చెప్పాలా! పిల్లలకు సెలవు, ఆయనకూ సెలవు. పొద్దున టిఫిన్ల దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా స్టవ్ ఆరదు. గిన్నెలు సర్దుకునేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. "ఇప్పుడేం పోతాం, సాయంత్రం చూద్దాంలే" అనుకుంటాం. సాయంత్రం చుట్టాలెవరో వస్తారు. టీ పెట్టి ఇచ్చేలోగా పోలింగ్ టైము కాస్తా అయిపోతుంది. వేలి మీద సిరా చుక్క లేకుండానే మంచం ఎక్కేస్తాం.

2024 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో సుమారు 74 శాతం మంది ఓటేశారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఈ స్థానంలోనివే. అదే రోజు హైదరాబాద్ స్థానంలో 48 శాతం దాటి కొంచెమే. పట్నంతో పోలిస్తే మన వైపు నయమే కదా అనిపిస్తుంది. కానీ నలుగురిలో ఒకరు ఇంట్లోనే ఉండిపోయారన్న మాట! వాళ్ళందరూ బద్ధకస్తులేనా? ఈ మూడు ఊళ్ళలో కొందరు ఆడవాళ్ళను కదిలిస్తే మూడు రకాల జవాబులు వచ్చాయి.

సూర్యాపేటలో కుట్టుమిషను మీద నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్న ఒకామె అన్నది: "మా గల్లీల మోరీ ఎన్నేండ్ల సంది పొంగుతున్నదో లెక్కలేదు. వీళ్ళకేసినం, వాళ్ళకేసినం. ఎవరొచ్చినా గంతే. ఎందుకెయ్యాలె?"

మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా భార్య మాట వేరు: "నాకు వెయ్యాలనే ఉంటది వదినా. కానీ లిస్టుల పేరేది? పెండ్లయినంక అమ్మగారింటి కాడ తీసేసిన్రు, ఈడ ఎక్కియ్యలే."

కోదాడ ఇల్లాలు నవ్వుతూనే చెప్పింది గానీ ఆ నవ్వులో కష్టం ఉంది: "ఆయన ఏ గుర్తు చెబితే దాని మీద నొక్కి రావాలండీ. అంటే రెండు ఓట్లూ ఆయనవేగా! ఆ మాత్రం దానికి నేను లైన్లో నిలబడటం ఎందుకని మానేశా."

ఒకరికి నమ్మకం లేదు, ఒకరికి పేరు లేదు, ఒకరికి తన మాట లేదు. మూడూ నిజమైన కారణాలే. వీళ్ళను "బాధ్యత లేదు" అని కసిరేస్తే సరిపోదు.

పేరు పోతే మనిషే లేనట్టు

ముందు పేరు సంగతి చూద్దాం. స్వతంత్రం వచ్చాక మొదటి సాధారణ ఎన్నికలకు జాబితాలు రాస్తున్నప్పుడు ఉత్తరాదిన చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వారి భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదు, సొంత పేరు ఉండాల్సిందే అన్నారు. చివరికి పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల్లోంచి తీసేశారు. అప్పుడు అదేం అన్యాయం అనిపించి ఉండవచ్చు. కానీ ఆ పట్టుదల వల్లే ఈ రోజు జాబితాలో మనం ఒకరి భార్యగా కాక మన పేరుతోనే ఉన్నాం.

మరి పెళ్ళయి ఊరు మారగానే గ్యాస్ కనెక్షన్, రేషన్ కార్డు గురించి ఎంత ఆరాటపడతాం! ఓటు మార్పించుకోవడం మాత్రం "తర్వాత చూద్దాం" అయిపోతుంది. ఎన్నికల ముందురోజు గుర్తొస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

480 మంది చెప్పిన మాట

ఇప్పుడు నమ్మకం సంగతి. "ఎవరొచ్చినా అంతే" అన్న సూర్యాపేట చెల్లెలికి మన జిల్లా కథే చెప్పాలి.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ మనకు కొత్త కాదు. ఆ నీళ్ళు తాగి పిల్లలకు పళ్ళు గారపట్టాయి. ఎముకలు వంకరపోయి నడవలేకపోయిన వాళ్ళెందరో! విన్నపాలు పెట్టుకున్నా వినే నాథుడు లేడు. 1996 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. కోపమొచ్చి అందరూ ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి పిలుపుతో వందలమంది నామినేషన్లు వేశారు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలే. నల్లగొండ స్థానానికి చివరికి బరిలో నిలిచింది 480 మంది! అంతమంది గుర్తులతో ఒక్క కాగితం ఎలా అచ్చువేస్తారు? ఎన్నిక వాయిదా పడింది. తర్వాత బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమై కూర్చుంది. దేశమంతా "ఏమిటీ నల్లగొండ?" అని తిరిగి చూసింది. ఆ ఎన్నికలో గెలిచింది సూర్యాపేట వాసి బొమ్మగాని ధర్మభిక్షం.

మర్నాడే నీళ్ళొచ్చాయా అంటే రాలేదు. ఇంకా ఏళ్ళు పట్టింది. పైగా ఇలా మళ్ళీ జరగకుండా ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ పదివేలకు పెంచారు. అయినా నల్లగొండ నీళ్ళ బాధ ఆ తర్వాత ఎవరూ తెలియదని తప్పించుకోలేని మాట అయింది. కృష్ణా నీళ్ళు మెల్లమెల్లగా పైపుల్లో ఊళ్ళకు చేరాయి.

ఇందులో మనం నేర్చుకునేది ఒకటుంది. ఊరంతా ఒక్క మాట మీద "రోడ్డు వేస్తేనే ఓటు" అని కూర్చుంటే అధికారులు పరుగెత్తుకొస్తారు, నిజమే. కానీ మీరొక్కరే తలుపు వేసుకుని పడుకుంటే అది కోపమో, నిద్రో ఎవరికి తెలుస్తుంది? అలిగి అన్నం మానేస్తే ఇంట్లోవాళ్ళు బతిమాలతారు. ఓటు మానేస్తే బతిమాలేవాళ్ళు లేరు. ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి 'నోటా' మీట ఉంది. దానికెన్ని ఓట్లొచ్చినా పోటీ చేసినవాళ్ళలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. కాకపోతే మీ అయిష్టం లెక్కలోకైనా ఎక్కుతుంది.

మన మాటకు భయపడ్డ రోజు

ఇక కోదాడ ఇల్లాలి బాధ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం చేస్తానని వాగ్దానం చేసి గెలిచారు. 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. 1997లో దాన్ని సడలించేశారన్నదీ నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ వాగ్దానం మగవాళ్ళ కోసం చేసిందా? ఇంట్లో భర్త చెప్పిన గుర్తుకే భార్య ఓటేస్తుందని అందరూ నమ్మితే, ఆ వాగ్దానం చేయాల్సిన అవసరమే లేదు!

మన పక్కనే తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో రెండుసార్లు అసెంబ్లీకి వెళ్ళారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన ఆవిడ కూడా ఓటునీ వదలలేదు.

ఓటు యంత్రం చుట్టూ అట్ట అడ్డం పెట్టేది ఎందుకనుకుంటున్నారు? అక్కడికి మీ వారు రారు, అత్తగారు రారు. కుర్రాడికి ఉప్మానా, దోసెనా అని ఇంటిల్లిపాదినీ అడిగి చేసే మనకు, ఎవర్నీ అడగనక్కర్లేని చోటు అదొక్కటే. బయటికొచ్చి ఏం చెప్పాలన్నది కూడా మీ ఇష్టమే.

ఒక్క ఓటు లెక్క

ఒక్క ఓటుతో గెలుపోటములు రోజూ తారుమారు కావు. అలాగని ఎప్పుడూ కావనీ కాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది కేవలం 9 ఓట్లతో. మన కోదాడలో 2018 అసెంబ్లీ ఎన్నికల తేడా 756 ఓట్లే. రెండు మూడు గల్లీల ఇల్లాళ్ళు సాయంత్రం చూద్దాంలే అనుకుంటే పోయేన్ని ఓట్లవి!

ఇవి గుర్తుంచుకోండి

* కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి. ఎన్నికల ముందు కాదు, ఇప్పుడే చూసుకోండి. 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.
* కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. పెళ్ళయి లేదా ఇల్లు మారి చిరునామా మారితే ఫారం 8. మీ పోలింగ్ బూత్ అధికారి దగ్గర దొరుకుతాయి.
* మీ ఓటు ఎవరో వేసేశారా? ఏడుస్తూ తిరిగి రాకండి. అక్కడి అధికారిని 'టెండర్ ఓటు' అడగండి.
* టైము అయ్యేలోగా లైన్లో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా ఓటు వేయనివ్వాల్సిందే.

ఈసారి ఓట్ల రోజున పప్పు కుక్కర్లో రాత్రే నానబెట్టుకోండి. పొద్దున్నే పక్కింటి వదినను కూడా పిలుచుకుని వెళ్ళి రండి. మనం వచ్చేదాకా టిఫిను ఆగితే ఆగనివ్వండి. ఒక్క పూట ఉప్మా ఆయనే కలుపుకుంటారు. ఏమంటారు?