నెక్సానా, బ్రెజానా? ఇంజిన్ దగ్గరే తేలాలి

పది, పన్నెండు లక్షల్లో కారు కొనాలనుకునే ఇళ్లలో కొన్నేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది: టాటా నెక్సాన్ తీసుకుందామా, మారుతి బ్రెజా తీసుకుందామా? రెండూ ఎత్తయిన బళ్లే, ఐదుగురు పట్టేవే. పొడవులోనైతే ఒక్క మిల్లీమీటరు తేడా కూడా లేదు. రెండూ 3995 మిల్లీమీటర్లే.

ఆ అంకె కాకతాళీయంగా కుదిరింది కాదు. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కి తగ్గించారు. పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకూడదు. అలా ఉంటేనే అది చిన్న కారు. అప్పటి నుంచి కంపెనీలు ఎస్‌యూవీలను కూడా ఆ గీతకు కాస్త ఇవతలే ఆపి తయారు చేస్తున్నాయి. డిక్కీ పొట్టిగా, వెనక భాగం నిటారుగా తెగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారడంతో ఈ పాత గీతకు మళ్లీ ప్రాణం వచ్చింది. చిన్న కార్లకు 18 శాతం, వాటిని మించిన కార్లకు 40 శాతం పన్ను. నెక్సాన్ పెట్రోల్ ఇంజిన్ 1199 సీసీ, డీజిల్ 1497 సీసీ. రెండూ 18 శాతంలోకి వచ్చేశాయి. బ్రెజా పెట్రోల్ ఇంజిన్ మాత్రం 1462 సీసీ. పొడవు ప్రకారం చిన్న కారే అయినా ఇంజిన్ వల్ల 40 శాతం కట్టాల్సిందే. పన్నుకు ముందు ధర 7 లక్షలనుకుంటే 18 శాతంతో 8 లక్షల 26 వేలవుతుంది, 40 శాతంతో 9 లక్షల 80 వేలవుతుంది. అంటే లక్షన్నర పైచిలుకు తేడా. పాత పన్నుతో పోలిస్తే బ్రెజా ధర కూడా తగ్గింది గానీ, నెక్సాన్‌కు తగ్గినంత కాదు. ఆ సెప్టెంబర్‌లో దేశంలో అన్ని కార్లకన్నా ఎక్కువ అమ్ముడైంది నెక్సానే.

నిజానికి బ్రెజా పుట్టినప్పుడు ఈ ఇబ్బంది లేదు. 2016లో అది 1248 సీసీ డీజిల్‌తో వచ్చింది, చిన్న కార్ల లెక్కలోనే ఉండేది. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్‌ను పూర్తిగా వదిలేసి ఈ పెద్ద పెట్రోల్ ఇంజిన్‌ను తెచ్చింది.

అయితే ఆ ఇంజిన్‌ను తీసిపారేయడానికి లేదు. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. మెత్తగా, చప్పుడు తక్కువగా నడుస్తుంది. నెక్సాన్‌ది మూడు సిలిండర్ల టర్బో. కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి పెడితే సన్నటి అదురు తెలుస్తుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు కథ తిరగబడుతుంది. బండిని లాగే బలాన్ని టార్క్ అంటారు. నెక్సాన్ పెట్రోల్‌లో అది 170 న్యూటన్ మీటర్లు, 1750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. బ్రెజాలో దాదాపు 137, అదీ 4400 ఆర్‌పీఎంకు చేరాక. విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్తూ, ఐదుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, ముందున్న లారీని దాటాలంటే బ్రెజా నడిపేవారు ఒకటో రెండో గేర్లు తగ్గించి ఇంజిన్‌ను అరిపించాలి. నెక్సాన్‌లో చాలాసార్లు యాక్సిలరేటర్ తొక్కితే సరిపోతుంది. మైలేజీలో మాత్రం బ్రెజాదే పైచేయి. కంపెనీ చెప్పే లెక్క వేరియంట్‌ను బట్టి లీటరుకు 17 నుంచి 20 కిలోమీటర్లు. నెక్సాన్ పెట్రోల్ 17 దగ్గర ఆగుతుంది.

కూకట్‌పల్లి, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల రోజూ ట్రాఫిక్‌లో ఈదేవారికి ఇంజిన్ కన్నా గేర్‌బాక్స్ ముఖ్యం. ఆటోమేటిక్ అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు యంత్రాలున్నాయి. బ్రెజాలో ఉన్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. గేరు మారిన సంగతే తెలియదు. నెక్సాన్‌లో తక్కువ ధరకు దొరికేది ఏఎంటీ. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ పని మోటారు చేస్తుంది. గేరు మారిన ప్రతిసారీ తల కాస్త ముందుకు ఊగుతుంది, వెనక సీట్లో కూర్చునే పెద్దవాళ్లకు అది చిరాకు. నెక్సాన్‌లోనే రెండు క్లచ్‌ల డీసీఏ ఉంది, బాగా నడుస్తుంది, ధర ఎక్కువ. ఊళ్లోనే తిరిగే కుటుంబం ఆటోమేటిక్ కోరుకుంటే, పన్ను భారం ఉన్నా బ్రెజానే మేలు.

డీజిల్ కావాలంటే పోలికే లేదు, నెక్సాన్ ఒక్కటే. 260 న్యూటన్ మీటర్ల టార్క్, లీటరుకు 23 కిలోమీటర్లకు పైగా కంపెనీ లెక్క. వారం వారం హైదరాబాద్ నుంచి సొంతూరు వెళ్లొచ్చేవారికి ఇది సరైన బండి. పిల్లల్ని బడిలో దింపి రావడానికైతే వద్దు. బీఎస్-6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దాంట్లో పేరుకున్న మసి కాలాలంటే బండి హైవే మీద కొంతసేపు ఏకధాటిగా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే ఫిల్టర్ నిండి, వార్నింగ్ లైటు వెలుగుతుంది.

సీఎన్‌జీ వైపు చూసేవారు ముందు డిక్కీ తెరిచి చూడాలి. 2023లో వచ్చిన బ్రెజా సీఎన్‌జీలో గుండ్రటి సిలిండర్ డిక్కీలో అడ్డంగా పడుకుని ఉంటుంది. పక్కన ఓ బ్యాగు పెట్టుకోవచ్చేమో గానీ, ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు తెచ్చుకునే ఆశ వదులుకోవాలి. 2024లో వచ్చిన నెక్సాన్ సీఎన్‌జీలో పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున అమర్చి, పైన పలక పరిచారు. 321 లీటర్ల చోటు మిగిలింది.

ఇక భద్రత. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐదు నక్షత్రాలు పొందిన తొలి భారతీయ తయారీ కారు నెక్సాన్. నిబంధనలు కఠినమయ్యాక, 2024లోనూ పెద్దలకు, పిల్లలకు ఐదేసి తెచ్చుకుంది. పాత విటారా బ్రెజాకు 2018లో వచ్చినవి నాలుగు. అవి రెండు ఎయిర్‌బ్యాగుల కాలం నాటివి, 2022లో వచ్చిన కొత్త బ్రెజాకు వాటిని అంటగట్టకూడదు. ఇప్పుడు రెండింటిలోనూ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. అయినా గుద్దించి చూపిన రుజువు విషయంలో నెక్సాన్ ముందుంది, పసిపిల్లలున్న ఇంట్లో ఆ రుజువుకు విలువ ఇవ్వాల్సిందే. వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే మాత్రం ఎన్ని నక్షత్రాలున్నా కాపాడలేవు. 2022లో కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండా.

సర్వీసు విషయం తేలికే. మారుతికి దేశంలో 5000కు పైగా సర్వీసు కేంద్రాలున్నాయి, చిన్న పట్టణాల్లో ఉండేవారికి ఇది గట్టి భరోసా. టాటా కొనేవారు తమకు దగ్గర్లోని వర్క్‌షాప్ ఎలా ఉందో అక్కడ బండి ఇచ్చినవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లి ఖాళీ రోడ్డు మీద చక్కర్లు కొట్టడం దండగ. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసి, ఫ్లైఓవర్ మొదట్లో ఆపి అక్కడి నుంచి ఎక్కించి చూడాలి. వేరియంట్ ఖరారు చేసేటప్పుడు లైఫ్ ట్యాక్స్ మర్చిపోకూడదు. తెలంగాణలో కారు ధర 5 నుంచి 10 లక్షల లోపైతే 14 శాతం, 10 లక్షలు దాటితే మొత్తం ధర మీద అంతకన్నా ఎక్కువ శాతం. 9 లక్షల 90 వేల కారుకు పన్ను లక్షా 38 వేల 600 అయితే, 10 లక్షల 10 వేల కారుకు లక్షా 70 వేలు దాటుతుంది. అంటే 20 వేలు ఎక్కువ పెట్టి సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కు వెళ్తే, పన్నే మరో 30 వేలకు పైగా పెరుగుతుంది. అందుకే రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలూ విడివిడిగా కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టాలి.