విమానం చిన్నదైతే సరకుకు చోటేది?
దూర మార్గాలలో ఒకే నడవ విమానాలు: ఎగుమతిదారులు గమనించవలసిన విషయాలు

కూర్మన్నపాలెం: ఉక్కు కర్మాగారం సరకు టన్నుల లెక్కన రైలుకు, రేవుకు పోతుంది. దానికి విమానంతో పని లేదు. కాని ఈ కూడలి చుట్టుపక్కల కిలోల లెక్కన కిరాయి కట్టి పంపే సరకు కూడా ఉన్నది. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి, పరవాడ ఫార్మాసిటీల నుంచి మందులు, మందుల ముడిపదార్థాలు, అచ్యుతాపురం నుంచి దుస్తులు విదేశాలకు వెళుతున్నవి. వీటిలో అధిక భాగం ఓడ మీదనే పోయినా, గడువు ముంచుకొస్తే విమానం ఎక్కించక తప్పదు. అటువంటి వర్తకుల కిరాయి లెక్కను మార్చగల పరిణామం ఒకటి విమాన రంగంలో కొన్నేళ్లుగా సాగుతున్నది.

దూర మార్గాలలో రెండు నడవలున్న పెద్ద విమానాలను (వైడ్ బాడీ) తప్పించి, ఒకే నడవ ఉన్న చిన్న విమానాలను (నారో బాడీ) విమాన కంపెనీలు ప్రవేశపెడుతున్నవి. కారణం సులభమే. 350 సీట్లు నింపడం కన్న 200 సీట్లు నింపడం తేలిక. ఇంధనం ఖర్చు తక్కువ, నష్టభయమూ తక్కువ. ఎయిర్‌బస్ ఏ380 తయారీ 2021లో ఆగిపోయింది. చిట్టచివరి బోయింగ్ 747ను 2023 జనవరిలో అప్పగించారు. 2020లో రావలసిన బోయింగ్ 777ఎక్స్ 2027కు వాయిదా పడింది. ఇదే సమయంలో 8,700 కిలోమీటర్లు ఏకబిగిని ఎగరగల ఎయిర్‌బస్ ఏ321 ఎక్స్‌ఎల్‌ఆర్ రంగంలోకి వచ్చింది. స్పెయిన్ దేశపు ఐబీరియా సంస్థ 2024 నవంబరులో దీనిని మొదట నడిపింది. మన దేశంలో ఇండిగో దీనికి ఆర్డరు పెట్టింది.

ఒక విధంగా ఇది పాత పద్ధతికి మళ్లడమే. ఎయిర్ ఇండియా 1960లో న్యూయార్క్‌కు నడిపిన బోయింగ్ 707 ఒకే నడవ విమానమే. 1970లో జంబో జెట్ వచ్చిన తరువాతనే విమానం పొట్టలో సరకుకు పుష్కలంగా చోటు దొరికింది. గల్ఫ్ మార్గంలో తిరుగు మార్పు మనవారు ముందే చూశారు. ఎయిర్ ఇండియా పెద్ద విమానాలు తిరిగిన ఆ దారిలో 2005 నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737లు తిరుగుతున్నవి.

పొట్టలో ఎంత చోటు?

అసలు తేడా సీట్లలో కాదు, పొట్టలో ఉన్నది. బోయింగ్ 777-300ఈఆర్ అడుగుభాగంలో సుమారు 200 ఘనపు మీటర్ల చోటు ఉండగా, ఏ321లో సుమారు 51 మాత్రమే. సీట్లు సగానికి తగ్గితే చోటు నాలుగో వంతుకు పడిపోతున్నదన్న మాట. అందులోనూ ప్రయాణికుల పెట్టెలదే మొదటి హక్కు. మిగిలినదే సరకుకు. పైగా ఎక్స్‌ఎల్‌ఆర్ రకంలో దూరం కోసం 12,900 లీటర్ల అదనపు ఇంధనం ట్యాంకును వెనుక పొట్టలోనే అమర్చారు. అంటే దూరం పెరిగిన కొద్దీ చోటు మరింత తగ్గుతుంది.

ఎత్తు ఇంకొక చిక్కు. పెద్ద విమానంలో సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున పేర్చిన సరకు పడుతుంది. ఏ320 తరగతి కంటెయినర్ ఎత్తు 114 సెంటీమీటర్లే. బోయింగ్ 737లో కంటెయినర్లే ఉండవు. పెట్టెలను చేత్తో ఒక్కొక్కటిగా సర్దవలసిందే. పెద్ద ప్యాలెట్‌గా కట్టిన సరకును విడదీస్తే కూలి, ఆలస్యం, తడిసే భయం మూడూ వర్తకునివే.

బరువు సంగతి కూడా మరువరాదు. 2019 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి ఇస్తాంబుల్ వెళ్లిన ఒక ఒకే నడవ విమానం ఎదురుగాలి కారణంగా ప్రయాణికులను మాత్రం చేర్చి, వారి పెట్టెలన్నింటినీ ఢిల్లీలోనే వదిలివేసింది. ప్రయాణికుల పెట్టెలకే ఆ గతి పడితే సరకు మాట చెప్పనక్కరలేదు.

ప్రపంచంలో విమానాల మీద పోయే సరకులో సుమారు సగం ప్రయాణికుల విమానాల పొట్టలోనే పోతుంది. 2020లో కోవిడ్ వల్ల ఆ విమానాలు నిలిచిపోగానే కిరాయిలు ఎట్లా ఎగిరిపోయినదీ ఎగుమతిదారులకు గుర్తే. ఇప్పటిది అంతటి కుదుపు కాదు. కాని దిశ అదే.

విశాఖకు ఏమిటి?

విశాఖ నుంచి సింగపూర్‌కు 2011లో సిల్క్ ఎయిర్, 2019 నుంచి స్కూట్ నడిపిన సర్వీసులు చిన్న విమానాలతోనే సాగినవి. అందుచేత పెద్ద కన్‌సైన్‌మెంటును లారీ మీద సుమారు 600 కిలోమీటర్ల హైదరాబాదుకో, 800 కిలోమీటర్ల చెన్నైకో పంపి అక్కడ పెద్ద విమానం ఎక్కించడం ఇక్కడి వాడుక. శంషాబాద్ నుంచి పోయే ఏ పెద్ద విమానం చిన్నదిగా మారినా ఆ దెబ్బ కూర్మన్నపాలెం గోదాము దాకా వస్తుంది.

భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వేతో చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయంపై వర్తకుల ఆశ సహజమే. ఆ రన్‌వే పెద్ద విమానాలకు సరిపోతుంది. కాని రన్‌వే పొడవును బట్టి విమానం రాదు, గిరాకీని బట్టి వస్తుంది. విశాఖ వంటి నగరానికి నేరుగా విదేశీ సర్వీసు వేయదలచిన కంపెనీ ముందుగా 200 సీట్ల విమానాన్నే ఎంచుకోవడానికి అవకాశం ఎక్కువ. ప్రయాణికునికి అది వరమే. ఎగుమతిదారునికి సగం వరమే. పైగా కూర్మన్నపాలెం నుంచి భోగాపురం నగరానికి ఆవలి వైపు ఉన్నందున లారీ కిరాయి కూడా కలుపుకోవాలి.

కనుక విమాన కిరాయి కలిపి ధర ఒప్పుకునేవారు ఏజెంటును రేటు ఒక్కటే అడిగి ఊరుకోరాదు. ఏ రకం విమానం, పెట్టె ఎత్తు పరిమితి ఎంత, చోటు ఖాయమా కాదా అన్నవి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. తేలిక సరకుకు ఘనపు మీటరుకు 167 కిలోల చొప్పున కిరాయి పడుతుంది. 200 కిలోల దుస్తులు రెండు ఘనపు మీటర్లు ఆక్రమిస్తే కట్టవలసినది సుమారు 333 కిలోలకు. ప్యాకింగును కుదించి కట్టిన వారికే లాభం మిగులుతుంది. పెద్ద విమానం ఉన్న రోజుకు సరకు సిద్ధం చేసుకోవడం ఉత్తమం. చిన్న విమానమే గతి అయితే ఒక రోజు ఆలస్యానికి గడువులో చోటు ఉంచుకోవడం క్షేమం.